ఓటు వేయాలన్నా, పోటీలో నిలబడాలన్నా ముందు చూసుకోవాల్సినవి

రాజ్యాంగంలో 326వ అధికరణం సూటిగా ఉంటుంది. భారత పౌరులై, పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లందరూ లోక్‌సభ, శాసనసభ ఎన్నికలకు ఓటరుగా నమోదు కావడానికి అర్హులు. పొలం ఉందా, చదువుకున్నావా, పన్ను కడుతున్నావా అని అడగదు. బ్రిటిష్ వాళ్ల 1935 చట్టం కింద ఓటు కావాలంటే ఆస్తో పన్నో చదువో చూపించాల్సి వచ్చేది కాబట్టి, కూలీనాలీ చేసుకునేవాళ్లలో ఎక్కువమందికి ఓటు లేదు. ఆ అడ్డును రాజ్యాంగ సభ తీసేసింది. మన అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డి కూడా ఆ సభలో సభ్యులే. మొదట ఓటు వయసు 21 ఏళ్లు ఉండేది. 61వ సవరణతో 1989 నుంచి 18 అయింది. దానికి ముందున్న 325వ అధికరణం ఇంకో మాట చెప్తుంది: మతం, కులం, ఆడ, మగ అన్న కారణంతో ఎవరి పేరునూ జాబితా నుంచి తప్పించకూడదు, అందరికీ ఒకటే జాబితా.

హక్కు అంత గట్టిగా ఉన్నా, పోలింగ్ రోజు బూత్‌లో అధికారి ముందుండేది ఓటరు జాబితా మాత్రమే. అందులో మీ పేరు లేకపోతే చేతిలో ఎన్ని కార్డులున్నా ఓటు వేయనివ్వరు. సర్పంచ్‌గానో ఎమ్మెల్యేగానో నిలబడాలన్నా మొదట అడిగేది అదే పేరు, అదే వరుస సంఖ్య. ఓటరు జాబితా పని మీద పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగినవాడిగా నేను గట్టిగా చెప్పేది ఒక్కటే. ఎన్నికలు వచ్చాక కాదు, ఈ వారంలోనే మీ పేరు చూసుకోండి.

మొదటి పని: జాబితాలో మీ వరుస చదవడం

ఎన్నికల సంఘం ఓటర్ల పోర్టల్‌లో పేరుతోగానీ, ఓటరు కార్డు నంబరుతోగానీ వెతకొచ్చు. ఫోన్ వాడటం రాకపోతే 1950కి కాల్ చేయండి, లేదా మీ బూత్ బీఎల్‌ఓను, అంటే బూత్ స్థాయి అధికారిని అడగండి. బీఎల్‌ఓ ఎవరో తెలియకపోతే సచివాలయంలోనో, ఎమ్మార్వో ఆఫీసులోనో చెప్తారు. ఆన్‌లైన్‌లో పేరు దొరికిందని అక్కడితో ఆపకండి. మీ పోలింగ్ కేంద్రం జాబితా మొత్తం తెచ్చుకుని, మీ ఇంటి నంబరు కింద ఎవరెవరి పేర్లున్నాయో చదవండి. చనిపోయిన తాత పేరు ఇంకా ఉండటం, పెళ్లై అత్తగారింటికి పోయిన కూతురి పేరు ఇక్కడే మిగలడం, కోడలి పేరు ఎక్కడా లేకపోవడం, ఈ మూడూ ప్రతి ఊళ్లోనూ కనిపిస్తాయి.

జాబితా చివర అనుబంధం ఉంటుంది, దాన్ని తప్పక చూడండి. తీసేసిన పేర్లు అక్కడ ఉంటాయి, పక్కన ఒక ఇంగ్లీషు అక్షరం ఉంటుంది. ‘ఈ’ అంటే చనిపోయారని, ‘ఎస్’ అంటే వేరే చోటికి మారిపోయారని, ‘ఆర్’ అంటే రెండోసారి వచ్చిన పేరని, ‘ఎం’ అంటే మనిషి కనిపించలేదని, ‘క్యూ’ అంటే అనర్హులని. బతికున్న మనిషి పేరు పక్కన ‘ఈ’ ఉంటే వెంటనే కదలాలి. ‘ఎస్’, ‘ఎం’ మాత్రం మన వైపు వలస పోయినవాళ్ల పేర్ల పక్కనే ఎక్కువగా చేరతాయి, ఎందుకంటే బీఎల్‌ఓ విచారణకు వచ్చినప్పుడు వాళ్లు ఇంట్లో ఉండరు.

వలస పోయినవాళ్ల ఓటు పోతుందా?

కర్నూలు జిల్లాలో ఆలూరు, ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు ఏటా ఊళ్లకు ఊళ్లు సుగ్గికి, అంటే కూలి పనుల కోసం వలస పోతాయి. కొందరు గుంటూరు వైపు మిరపకాయల కోతకు, కొందరు బెంగళూరులో బేల్దారి పనికి. ఇళ్లకు తాళాలు, అరుగుల మీద ముసలివాళ్లు. అలాంటి ఊళ్లో ఒక అవ్వ నన్ను ఆపి అడిగింది:

“సార్, నా కొడుకూ కోడలూ మిరపకాయలకు పోయినారు. ఇంటికి తాళమేసినారు. తాళముంటే ఓటు తీసేస్తారంటనే, నిజమేనా?”

“తీసేయరవ్వా. ఇల్లు ఈడిదే కదా, పని అయిపోతే ఈడికే వస్తారు కదా? ఎవరొచ్చి అడిగినా ఆ మాటే చెప్పు. పనికి పోయినారు, వస్తారని చెప్పు.”

ఇది నేను ధైర్యం కోసం చెప్పిన మాట కాదు, చట్టంలో ఉన్నదే. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 20వ సెక్షన్ ప్రకారం తాత్కాలికంగా ఊరు విడిచినంత మాత్రాన మనిషి ఆ ఊరి నివాసి కాకుండా పోడు. పని అయ్యాక తిరిగి వచ్చేది ఇక్కడికే అయితే ఓటు ఇక్కడే ఉంటుంది. అదే సెక్షన్ రెండో వైపు కూడా చెప్తుంది: ఊళ్లో సొంత ఇల్లు ఉందన్న ఒక్క కారణంతో ఓటు రాదు. కుటుంబంతో సహా ఏళ్ల తరబడి బెంగళూరులో కాపురం ఉంటూ, పిల్లల్ని అక్కడే చదివిస్తూ, ఊరి ఇంటికి ఏటా ఒకసారి వచ్చిపోయేవాళ్లు అక్కడే ఓటు నమోదు చేసుకోవాలి.

రెండు చోట్లా ఓటు ఉంచుకోవడం మన సరిహద్దు ఊళ్లలో చాలామందికి అలవాటుగా ఉంది. హిందూపురం, మడకశిర వైపు ఊరి ఓటు, కర్ణాటకలో పని చోట ఇంకో ఓటు. చట్టం 17వ సెక్షన్ దీన్ని ఒప్పుకోదు. ఫారంలో ఇంకెక్కడా ఓటు లేదని సంతకం చేసి, అది అబద్ధమని తేలితే ఏడాది దాకా జైలు లేదా జరిమానా పడొచ్చు, రెండూ పడొచ్చు. ఏది ఉంచుకోవాలో తేల్చుకుని రెండోది తీయించేసుకోండి.

కడప, రాజంపేట, రాయచోటి వైపు కువైట్‌కు పోయినవాళ్ల సంగతి వేరు. విదేశంలో పని చేస్తున్నా భారత పౌరసత్వం వదులుకోనివాళ్లు, వేరే దేశం పౌరసత్వం తీసుకోనివాళ్లు, పాస్‌పోర్టులో ఉన్న చిరునామా మీద ప్రవాస ఓటరుగా నమోదు కావొచ్చు. దానికి ఫారం 6 కాదు, ఫారం 6ఏ. ఓటు వేయడానికి మాత్రం స్వయంగా రావాలి, ఒరిజినల్ పాస్‌పోర్టు చూపించాలి. అక్కడి నుంచి పంపే ఏర్పాటు వీళ్లకు లేదు. ఎన్నికల సమయానికి సెలవు దొరకడం కష్టమే, అయినా నమోదు చేసుకుని ఉంటే దొరికిన ఏడాది వేయొచ్చు.

రెండో పని: సరైన ఫారం పెట్టడం

కొత్త ఓటుకు ఫారం 6. ఏటా నాలుగు తేదీలు లెక్కలోకి వస్తాయి: జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1. ఆ తేదీకి 18 నిండితే చాలు. ఇంతకుముందు జనవరి 1 ఒక్కటే ఉండేది కాబట్టి, ఫిబ్రవరిలో పుట్టిన పిల్లలు దాదాపు ఏడాది ఆగాల్సి వచ్చేది. ఇప్పుడు 17 దాటాక ముందే దరఖాస్తు పెట్టి ఉంచొచ్చు. ఇంటర్ చదువుతున్న పిల్లలుంటే ఈ మాట చెప్పండి. పుట్టిన తేదీకి పదో తరగతి సర్టిఫికెట్, జనన ధ్రువపత్రం, ఆధార్‌లాంటివి, చిరునామాకు ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, కరెంటు బిల్లులాంటివి పనికొస్తాయి. దరఖాస్తుకు డబ్బు కట్టక్కర్లేదు. ఎవరైనా ఫీజు అడిగితే ఇవ్వకండి.

ఇల్లు మారినా, పేరు తప్పున్నా, ఫోటో మార్చాలన్నా, కార్డు పోయినా, వైకల్యం ఉందని నమోదు చేయించాలన్నా అన్నిటికీ ఫారం 8. ఇక్కడే చాలామంది పొరపడతారు. కోడలు పుట్టింటి నుంచి వచ్చాక అత్తగారింట్లో ఫారం 6 పెడతారు. అప్పుడు ఆమె పేరు రెండు చోట్ల చేరుతుంది, తర్వాత ఎవరో పరిశీలించి ‘ఆర్’ కింద ఒకటి తీసేస్తారు. ఒక్కోసారి తీయకూడనిది తీసేస్తారు. ఆమెకు పుట్టింట్లో ఇదివరకే ఓటు ఉంటే ఫారం 8లో ‘నివాసం మార్పు’ దగ్గర టిక్ పెట్టి, పాత కార్డు నంబరు రాయండి. పాత పేరు అక్కడ పోయి ఇక్కడికి వస్తుంది.

పేరు తొలగించమనడానికి, లేదా ఇంకొకరి పేరు మీద అభ్యంతరం చెప్పడానికి ఫారం 7. ఆ నియోజకవర్గంలో ఓటరైన ఎవరైనా దీన్ని పెట్టొచ్చు. 2019 ఎన్నికల ముందు మన ఆంధ్రప్రదేశ్‌లో ఫారం 7లు పెద్ద ఎత్తున పెట్టడం మీద ఎంత గొడవ జరిగిందో గుర్తుండే ఉంటుంది. అందుకే ఇది తెలుసుకోవడం అవసరం. మీరు ఊరు విడిచారనో, మీకు అర్హత లేదనో ఎవరైనా రాస్తే, మీకు నోటీసు ఇవ్వకుండా, మీ మాట వినకుండా పేరు తీయడానికి వీల్లేదు. చట్టం 22వ సెక్షన్‌లో ఆ రక్షణ ఉంది. నోటీసు వస్తే భయపడి దాచిపెట్టకండి, తేదీ చూసుకుని కాగితాలతో వెళ్లండి. ఇంట్లో మగవాళ్లు లేరని, తర్వాత చూద్దామని వదిలేస్తే పేరు పోయేది అప్పుడే.

అయినా తీసేస్తే, లేదా మీ దరఖాస్తు కొట్టేస్తే, పదిహేను రోజుల్లోగా కలెక్టర్‌కు అప్పీలు చేసుకోవచ్చు. అక్కడా న్యాయం జరగకపోతే ముప్పై రోజుల్లోగా రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి. అప్పీలు తెల్ల కాగితం మీద రాసినా సరిపోతుంది, కానీ కొట్టేసిన ఆర్డరు కాపీ దగ్గర పెట్టుకోండి. ఇంకో ముఖ్యమైన గడువు: నామినేషన్ల చివరి తేదీ దాటిన తర్వాత ఆ ఎన్నికకు జాబితాలో పేరు చేర్చరు. ఫారం మీద అభ్యంతరాలకు వారం గడువు ఇవ్వాలి కాబట్టి నోటిఫికేషన్ వచ్చాక పరుగులు తీసే టెన్షన్ పెట్టుకోకండి.

ఓటు పోగొట్టే కారణాలు నిజానికి కొద్దే. పౌరసత్వం లేకపోవడం, మతిస్థిమితం లేదని కోర్టు ప్రకటించడం, ఎన్నికల అక్రమాల చట్టాల కింద అనర్హత పడటం. మతిస్థిమితం విషయంలో కోర్టు ప్రకటన ఉండి తీరాలి, ఇంటివాళ్లో పక్కవాళ్లో చెప్తే చాలదు.

మూడో పని: పోలింగ్ రోజు

ఓటరు కార్డు ఇంట్లో దొరకలేదని వెనక్కి తిరగకండి. జాబితాలో పేరుంటే ఆధార్, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఫోటో ఉన్న బ్యాంకు లేదా పోస్టాఫీసు పాస్‌బుక్, డ్రైవింగ్ లైసెన్సు, పాన్ కార్డు, ఫోటో ఉన్న పెన్షన్ పత్రం, వీటిలో ఏదైనా చూపించొచ్చు. పార్టీ వాళ్లిచ్చే స్లిప్పు గుర్తింపు కాదు, మీ వరుస సంఖ్య తెలుసుకోవడానికే.

పని చోట యజమాని సెలవు ఇవ్వనంటే చట్టం మీ వైపే ఉంది. పోలింగ్ రోజు జీతంతో కూడిన సెలవు ఇవ్వాలి, దినకూలీలకు కూడా.

85 ఏళ్లు దాటినవాళ్లు, నలభై శాతం అంతకుమించి వైకల్యం ఉన్నవాళ్లు ఇంటి నుంచే ఓటు వేయొచ్చు. నోటిఫికేషన్ వచ్చిన ఐదు రోజుల్లోగా ఫారం 12డీ ఇవ్వాలి. చూపు లేనివాళ్లు బూత్‌కు వస్తే పద్దెనిమిదేళ్లు నిండిన తోడును లోపలికి తీసుకెళ్లొచ్చు. ఆ తోడు ఎవరన్నది ఓటరు ఇష్టం, ఏజెంటు ఇష్టం కాదు.

ఇక మన రాయలసీమలో పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పుకునే బాధ ఒకటుంది. లైన్లో నిలబడి లోపలికి పోతే, నీ ఓటు పడిపోయిందని చెప్పడం. అక్కడ తల వంచుకుని బయటికి రాకండి. బూత్‌కు బాధ్యుడైన ప్రిసైడింగ్ ఆఫీసరును ‘టెండర్డ్ ఓటు’ అడగండి. ఆయన మీరెవరో ప్రశ్నలు వేసి తృప్తి పడితే మీకు కాగితం బ్యాలెట్ ఇస్తారు, మీ పేరు విడిగా ఒక పట్టికలో రాసి సంతకం తీసుకుంటారు, ఆ బ్యాలెట్‌ను కవరులో పెట్టి భద్రపరుస్తారు. మామూలు లెక్కింపులో దాన్ని కలపరు. కానీ ఆ బూత్‌లో దొంగ ఓటు పడిందనడానికి అది చెరిగిపోని రుజువు. తేడా తక్కువగా ఉండి ఫలితం కోర్టుకెక్కితే హైకోర్టు ఆ కవర్లు తెప్పించుకుంటుంది. మీ మాట కాగితం మీదికి ఎక్కిందన్నది అన్నిటికంటే ముఖ్యం. దొంగ ఓటు వేసినవాడి మీద ఫిర్యాదు విడిగా ఇవ్వండి.

జైల్లో ఉన్నవాళ్లకు ఓటు లేదు. శిక్ష పడ్డా, రిమాండ్‌లో ఉన్నా ఒకటే. నేరం చేస్తారేమోనని ముందే పట్టి ఉంచే ముందస్తు నిర్బంధంలో ఉన్నవాళ్లకు మాత్రం మినహాయింపు. దోషిగా తేలని మనిషికి కూడా ఓటు లేకుండా చేయడం నాకు అన్యాయంగానే కనిపిస్తుంది. 2013 సవరణ తర్వాత అదే మనిషి లోపలి నుంచి నామినేషన్ మాత్రం వేయొచ్చు. కడప సెంట్రల్ జైల్లో రిమాండ్‌లో ఉన్న మనిషి పోటీ చేయగలడు, తన ఓటు తాను వేసుకోలేడు.

నిలబడాలనుకుంటే: ఊరి ఎన్నికలు

పంచాయతీలకు, మున్సిపాలిటీలకు వయసు 21 చాలు. రాజ్యాంగం 243ఎఫ్, 243వీ అధికరణాల్లో ఆ మాట ఉంది. సర్పంచ్, వార్డు మెంబరు పదవులకు ఆ పంచాయతీలోనే ఓటు ఉండాలి. ఎంపీటీసీకి ఆ మండలంలో, జెడ్పీటీసీకి ఆ జిల్లాలో, కౌన్సిలర్, కార్పొరేటర్లకు ఆ పట్టణంలో. పంచాయతీ జాబితాను అసెంబ్లీ ఓటరు జాబితా నుంచే తయారు చేస్తారు కాబట్టి పైన చెప్పిన ఫారాలే ఇక్కడా దిక్కు. ఈ ఎన్నికలు నడిపేది మాత్రం రాష్ట్ర ఎన్నికల సంఘం, ఢిల్లీలోని కేంద్ర ఎన్నికల సంఘం కాదు. అందువల్ల ఫిర్యాదు ఎవరికి రాస్తున్నారో చూసుకోండి.

చదువు అర్హత లేదు. హర్యానాలో పంచాయతీకి చదువు నిబంధన పెడితే 2015లో సుప్రీంకోర్టు సమర్థించింది కానీ, మన రాష్ట్రంలో అలాంటి చట్టం లేదు. వేలిముద్ర వేసే మనిషి కూడా సర్పంచ్ కావొచ్చు.

ఇద్దరు పిల్లల నిబంధన పోయిన సంగతి ఇప్పటికీ ఊళ్లలో సగం మందికి అందలేదు. 1994 పంచాయతీరాజ్ చట్టం తెచ్చిన ఆ నిబంధన ప్రకారం 1995 మే నెలాఖరు తర్వాత మూడో బిడ్డ పుడితే పోటీకి అనర్హులు. దాదాపు ముప్పై ఏళ్లు ఎంతోమంది ఆడవాళ్లు ఈ ఒక్క కారణంతో ఆగిపోయారు. కొడుకు పుట్టేదాకా కనమని ఇంట్లో ఒత్తిడి పెట్టేది ఒకరు, పోటీ హక్కు పోగొట్టుకునేది ఇంకొకరు. 2024 నవంబరులో శాసనసభ పంచాయతీరాజ్, మున్సిపల్ చట్టాలను సవరించి ఈ నిబంధన తీసేసింది. ఇప్పుడు ముగ్గురు, నలుగురు పిల్లలున్నా పోటీ చేయొచ్చు. మీ ఊళ్లో ఎవరైనా ఇంకా పాత మాట చెప్పి ఆపబోతే ఈ సంగతి చెప్పండి.

నామినేషన్‌కు ముందు పంచాయతీ బాకీలు చూసుకోండి. ఇంటిపన్ను, నీటిపన్ను గత ఏడాది వరకు బిల్లు వచ్చి గడువు దాటినా కట్టకుండా ఉంటే అది అనర్హత. కట్టిన రసీదుతో పాటు బాకీ లేదని పంచాయతీ కార్యదర్శి దగ్గర కాగితం ముందే తీసుకోండి. నామినేషన్ల రోజుల్లో కార్యదర్శి చుట్టూ జనం మూగుతారు, ఆయన దొరకడు. పంచాయతీ పనుల కాంట్రాక్టు నడుస్తున్నవాళ్లు కూడా పోటీ చేయలేరు. సిమెంటు రోడ్డు బిట్టు మీ పేరు మీద ఉంటే ఆ సంగతి తేల్చుకున్నాకే దిగండి. ప్రభుత్వ జీతం తీసుకునే ఉద్యోగంలో ఉంటే రాజీనామా ఇస్తే సరిపోదు, అది ఆమోదించిన ఆర్డరు చేతిలో ఉండాలి.

రిజర్వేషన్ ప్రకటించాకే మీ స్థానం ఎవరికో తెలుస్తుంది. మహిళలకు కనీసం మూడో వంతు అని రాజ్యాంగం చెప్తే, మన రాష్ట్రం స్థానిక సంస్థల్లో సగం ఇచ్చింది. మహిళా స్థానంలో మీ భార్యనో తల్లినో నిలబెట్టాలని చూస్తుంటే ఒక్క మాట. నామినేషన్ మీద సంతకం ఆమెది, గెలిస్తే చెక్కుల మీద సంతకం కూడా ఆమెదే, రేపు ఆడిట్‌లో తేడా వస్తే నోటీసు వచ్చేదీ ఆమె పేరు మీదే. కాబట్టి ప్రతి కాగితం ఆమె చదివి, లేదా చదివించుకుని విని, తర్వాతే సంతకం పెట్టాలి. ఆమెకు ఇష్టం లేకపోతే నిలబెట్టకండి.

ఏకగ్రీవాల పేరుతో జరిగే వేలం పాటల గురించి కూడా తెలుసుకోవాలి. గుడి కట్టిస్తానని ఊరికి డబ్బు ఒప్పుకుని పదవి కొనుక్కోవడం, డబ్బు తీసుకుని నామినేషన్ వెనక్కి తీసుకోవడం మన వైపు ఆచారంలా సాగుతోంది. భారతీయ న్యాయ సంహితలో ఎన్నికల హక్కు అంటే ఓటు వేయడం ఒక్కటే కాదు, పోటీ చేయడం, చేయకపోవడం, ఉపసంహరించుకోవడం కూడా. వాటికి డబ్బు ఇచ్చినా తీసుకున్నా లంచమే, ఏడాది దాకా శిక్ష ఉంది. ఇష్టపూర్వకంగా అందరూ ఒకరినే ఒప్పుకుంటే సంతోషం. కానీ మీరు పోటీ చేస్తానంటే ఆపే హక్కు రచ్చబండకు లేదు.

ఎమ్మెల్యే, ఎంపీ స్థానాలకు

శాసనసభకూ లోక్‌సభకూ 25 ఏళ్లు నిండాలి, శాసనమండలికీ రాజ్యసభకూ 30. 84, 173 అధికరణాలు చూడండి. నామినేషన్ల పరిశీలన రోజుకు వయసు నిండి ఉండాలి.

ఓటు ఎక్కడ ఉండాలన్నదాంట్లో రెండింటికీ పెద్ద తేడా ఉంది. శాసనసభకు ఈ రాష్ట్రంలో ఏదో ఒక నియోజకవర్గంలో ఓటు ఉండాలి. కడపలో ఓటున్న మనిషి ఆదోనిలో పోటీ చేయొచ్చు. బళ్లారిలో ఓటున్న తెలుగాయన ఆదోని అసెంబ్లీకి పోటీ చేయలేడు, కానీ కర్నూలు లోక్‌సభకు చేయొచ్చు, ఎందుకంటే లోక్‌సభకు దేశంలో ఎక్కడ ఓటున్నా సరిపోతుంది. 1991 జూన్‌లో పీవీ నరసింహారావు ఏ సభలోనూ సభ్యులు కాకుండానే ప్రధాని అయ్యారు. ఆరు నెలల్లో సభ్యుడు కావాలన్నది రాజ్యాంగం 75వ అధికరణం షరతు. తెలంగాణ మనిషి అయిన ఆయన అప్పటి కర్నూలు జిల్లా నంద్యాల నుంచి ఉప ఎన్నికలో నిలబడి గెలిచారు.

రెండుకు మించి స్థానాల్లో పోటీ చేయడం ఇప్పుడు కుదరదు. 1985లో ఎన్టీఆర్ హిందూపురం, గుడివాడ, నల్గొండ మూడింటిలోనూ నిలబడి మూడూ గెలిచి హిందూపురం ఉంచుకున్నారు. అప్పుడు పరిమితి లేదు. 1996 సవరణతో రెండుకు కట్టేశారు.

కోడుమూరు, శింగనమల, బద్వేలు ఎస్సీ స్థానాలు. అక్కడ అసెంబ్లీకి పోటీ చేసేవాళ్లు మన రాష్ట్ర ఎస్సీ జాబితాలోని కులం వాళ్లై ఉండాలి. ఓటు మాత్రం అందరూ వేస్తారు. ఎస్సీలు ఇలాంటి స్థానాలకే పరిమితం కానక్కర్లేదు, ఏ జనరల్ స్థానంలోనైనా నిలబడొచ్చు.

కేసు ఉంటే పోటీ చేయకూడదని చాలామంది అనుకుంటారు. పొలం గట్టు తగాదాలో పెట్టిన కేసు ఇంకా నడుస్తుంటే అది అనర్హత కాదు. అఫిడవిట్‌లో రాయాలి, అంతే. రెండేళ్లు అంతకుమించి జైలు శిక్ష పడితే తీర్పు రోజు నుంచే అనర్హత మొదలై, విడుదలయ్యాక మరో ఆరేళ్లు ఉంటుంది. పదవిలో ఉన్నవాళ్లకు అప్పీలు పేరుతో మూడు నెలలు కాపాడే వెసులుబాటును 2013లో లిలీ థామస్ కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. కొన్ని నేరాలకు రెండేళ్ల లెక్క కూడా లేదు. అంటరానితనం పాటించినందుకు పౌరహక్కుల రక్షణ చట్టం కింద దోషిగా తేలితే, ఒక్క జరిమానా పడ్డా ఆరేళ్లు అనర్హతే. హోటల్లో ఎస్సీలకు వేరే గ్లాసు పెట్టేవాళ్లు, వాళ్లను గుడి గడప దగ్గర ఆపేవాళ్లు ఇది తెలుసుకోవాలి.

ప్రభుత్వ కాంట్రాక్టు నడుస్తుంటే పోటీ చేయలేరు. పని పూర్తిగా ముగించి, బిల్లు మాత్రమే రావాల్సి ఉంటే అడ్డు లేదు. బిల్లులు ఏళ్ల తరబడి ఆగే మన దగ్గర ఈ తేడా తెలిసి ఉండటం మంచిది.

నామినేషన్ వారం

నోటిఫికేషన్ వచ్చాక ఏడో రోజు చివరి తేదీ, మర్నాడు పరిశీలన, ఆ తర్వాత రెండో రోజు ఉపసంహరణ. కాగితాలు ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 3 వరకే తీసుకుంటారు. చివరి రోజు దాకా ఆగకండి. ఒకరు నాలుగు సెట్ల దాకా వేయొచ్చు, కనీసం రెండు వేయండి. ఒకదాంట్లో తప్పున్నా రెండోది నిలుస్తుంది.

గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఆ నియోజకవర్గం ఓటరు ఒకరు ప్రతిపాదిస్తే చాలు. స్వతంత్రులకు పదిమంది కావాలి. ఆ పదిమంది ఓటు మీ నియోజకవర్గంలోనే ఉందో లేదో వరుస సంఖ్యతో సహా మీరే సరిచూసుకోండి. కర్నూలు నగరం రెండు మూడు నియోజకవర్గాల మధ్య పంచుకుని ఉంది, పక్క వీధి వేరే నియోజకవర్గంలో ఉండొచ్చు. మీ ఓటు వేరే నియోజకవర్గంలో ఉంటే జాబితా సర్టిఫైడ్ కాపీ జత చేయాలి.

డిపాజిట్ అసెంబ్లీకి 10,000, లోక్‌సభకు 25,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు సగం. పోలైన చెల్లే ఓట్లలో ఆరో వంతు దాటకపోతే తిరిగి రాదు.

ఫారం 26 అఫిడవిట్‌లో ఆస్తులు, అప్పులు, కేసులు, చదువు అన్నీ రాయాలి. ఏ గడీ ఖాళీగా వదలకండి. లేకపోతే ‘లేదు’ అని రాయండి. ఖాళీలు నింపమని నామినేషన్లు తీసుకునే రిటర్నింగ్ అధికారి చెప్పాక కూడా నింపకపోతే నామినేషన్ తిరస్కరిస్తారు. భార్య పేరున ఉన్న బంగారం, పిల్లల పేరున ఉన్న డిపాజిట్లు కూడా అందులో రావాలి.

ప్రమాణం చేయడం మర్చిపోకండి. నామినేషన్ ఇచ్చాక, పరిశీలన రోజుకు ముందే, రిటర్నింగ్ అధికారి ఎదుట రాజ్యాంగం మూడో షెడ్యూలులోని ప్రమాణం చేసి సంతకం పెట్టాలి. ఇది రాజ్యాంగం పెట్టిన అర్హతే కాబట్టి, చేయకపోతే మిగతావన్నీ సరిగ్గా ఉన్నా నామినేషన్ నిలవదు. నామినేషన్ ఇచ్చిన వెంటనే అక్కడే అడిగి చేసేయండి.

తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా తీసుకోండి. మధ్యలో కోర్టుకు వెళ్లి ఎన్నిక ఆపించడం కుదరదు. 329వ అధికరణం ప్రకారం ఫలితం వచ్చాక ఎన్నికల పిటిషన్ వేయాలి, అసెంబ్లీకైనా లోక్‌సభకైనా హైకోర్టులో, ఫలితం ప్రకటించిన 45 రోజుల్లోగా.

ఎన్నికల ఖర్చుకు విడిగా బ్యాంకు ఖాతా, నామినేషన్‌కు కనీసం ఒక రోజు ముందే తెరవాలి. మన రాష్ట్రంలో అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షలు, లోక్‌సభకు 95 లక్షలు. టెంటు అద్దె, ఆటో మైకు, టీ నీళ్లు, అన్నీ రోజూ పుస్తకంలో రాయాలి. ఫలితం వచ్చిన ముప్పై రోజుల్లోగా ఆ లెక్కలు జిల్లా ఎన్నికల అధికారికి ఇవ్వాలి. ఓడిపోయినా ఇవ్వాలి, డిపాజిట్ పోయినా ఇవ్వాలి. స్వతంత్రులుగా నిలబడ్డవాళ్లు ఓడాక ఇక మాకేం పని అని వదిలేస్తుంటారు. సరైన కారణం లేకుండా లెక్కలు ఇవ్వకపోతే ఎన్నికల సంఘం మూడేళ్ల పాటు పోటీకి అనర్హుల్ని చేస్తుంది. ఇచ్చినట్టు రసీదు తీసుకుని దాచుకోండి.